చిల్లర ఖర్చు

2024 జూన్ 14, శుక్రవారం

మా కుక్క చిల్లర నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు. పెరుగన్నం పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంది. పొద్దున లేచి చూస్తే అది పడుకున్న గోనెపట్టా మీద రక్తపు చుక్కలు. ముక్కులో నుంచి కారుతోంది. ఒళ్లు కాలిపోతోంది. మా ఆవిడ చూసి, "ఎండదెబ్బయ్యా, గమ్మున నీడన పడుకోబెట్టు, తగ్గిపోయిద్ది" అంది. అన్నది గానీ వంటింట్లోకి పోయి సింగరకొండ స్వామికి మొక్కుకుంది. నాకు వినపడదనుకుంది.

పక్కింటోళ్లు మంచికే ఒక మనిషిని ఫోన్ చేసి పిలిపించారు. మోటార్ సైకిల్‌కి సంచి తగిలించుకుని ఊళ్లెంబడి బర్రెలకి సూదులు వేసే మనిషి. సీసా తీశాడు, మీద చీటీ కనపడకుండా అరచేతిలో పట్టుకున్నాడు. ఏం మందయ్యా అంటే "జ్వరానికి" అన్నాడు. ఎంత వేస్తావంటే "కుక్కే గదా" అన్నాడు. అద్దంకి డిపోలో రిటైరయ్యేదాకా టికెట్లు కొట్టినోణ్ణి. బస్సు ఎక్కడికి పోతదో అడక్కుండా డబ్బులిచ్చిన ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణీ చూళ్లేదు. వచ్చినందుకు వంద ఇచ్చి, సూది వద్దని పంపించా. ఆయన ముఖం మాడ్చుకున్నాడు, పక్కింటోళ్లు కూడా.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. మా చిన్నాయన మనవడు తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాడు. డాక్టరనిపించుకోవాలంటే అయిదున్నరేళ్ల చదువు, ఆ పైన రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని వాడే చెప్పాడు. 1984 నాటి చట్టమంట. డిప్లొమా చేసిన సహాయకులు చిన్న చిన్న చికిత్సలు చెయ్యొచ్చు, అదీ డాక్టరు చెప్పినట్టు. గోపాలమిత్ర ఎదకొచ్చిన గేదెకి సూది వేయడానికి ఉన్నాడు. వాళ్ల పని వాళ్లు చక్కగా చేస్తారు. అయితే ముక్కులో నుంచి రక్తం ఎందుకొస్తుందో చెప్పడం వాళ్ల పని కాదు.

రేపు పొద్దున్నే పశువుల ఆసుపత్రి.

జూన్ 15, శనివారం

ఆసుపత్రి ముందు నాలుగు బర్రెలు, ఒక దూడ, మేకపోతును భుజాన వేసుకున్న ముసలాయన. కుక్కని పట్టుకొచ్చింది నేనొక్కణ్ణే. "కుక్కక్కూడా చూస్తారా ఈడ?" అని మేకపోతు ఆయన అడిగాడు. ఎగతాళి లేదు, తెలియక అడిగాడు.

డాక్టరమ్మ చిన్నది, మా కోడలి ఈడు ఉంటుంది. ముందు మందు రాయలేదు. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది, పాలిపోయి ఉన్నాయి. చెవి లోపలికి తిప్పి చూపించింది. గోమార్లు, ఆముదపు గింజలంత లావున్నాయి. "బాబాయ్ గారూ, ఇది ఎండదెబ్బ కాదు. గోమారి కుట్టినప్పుడు దాని నోట్లోంచి క్రిమి రక్తంలోకి పోతది. రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతాయి, అందుకే ముక్కులోంచి కారుతుంది" అంది. చెవి కొసన సూదితో గుచ్చి ఒక చుక్క గాజుపలక మీద రాసి మైక్రోస్కోపులో చూసింది. రక్తపరీక్ష బయట చేయించుకు రమ్మంది. మనుషుల మిషను కుక్క రక్తానికి అంకె కచ్చితంగా చెప్పదట, అయినా దారి తెలుస్తుందట.

ల్యాబు కుర్రాడు ముందు కుదరదన్నాడు. రెండొందల యాభై ముందే చేతిలో పెడితే ఒప్పుకున్నాడు. కంప్యూటర్లో పేరు, వయసు లేకపోతే రిపోర్టు రాదంట. "చిల్లర, 3 సంవత్సరాలు, స్త్రీ" అని అచ్చు వేసి ఇచ్చాడు. ప్లేట్‌లెట్లు 62 వేలు. కుక్కకి రెండు లక్షలకి తగ్గకూడదట.

మందు మోతాదు ఒంటి బరువుని బట్టి ఇవ్వాలి, తూకం వేసుకు రమ్మంది. మిరపకాయల కమీషన్ కొట్టులో కాటా ఉంది. సీజన్ అయిపోయి కొట్టాయన ఖాళీగానే ఉన్నాడు. చిల్లరని ఎత్తుకుని నేనెక్కా, తర్వాత నేనొక్కణ్ణే ఎక్కా. 14 కిలోల 200 గ్రాములు. "తాలు ఎంత తీసెయ్యమంటావ్ అన్నాయ్?" అన్నాడు. ఘాటుకి చిల్లర తుమ్మింది, మళ్లీ రెండు చుక్కల రక్తం.

జూన్ 16, ఆదివారం

రాసింది డాక్సీసైక్లిన్. కంపెనీ పేరు రాయలేదు, మందు పేరే రాసింది. జనరిక్ షాపులో దొరికింది. రోజుకి ఒకటిన్నర మాత్ర, ఇరవై ఎనిమిది రోజులు, అన్నంలో కలిపే పెట్టాలి. ఖాళీ కడుపున వేస్తే గొంతులో ఒరుసుకుపోతదంట. మొత్తం కోర్సుకి నూట పది రూపాయలయింది. అంతకన్నా ఖరీదైన మందేదో ఉండే ఉంటుందని మా ఆవిడకి అనుమానం. టానిక్ రాయలేదేమని అడిగించింది. "టానిక్ డబ్బులు పెట్టి గుడ్లు కొనండి" అందట డాక్టరమ్మ. అప్పుడు మా ఆవిడకి ఆ పిల్ల మీద గురి కుదిరింది.

ఇంకోటి గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలు, నొప్పుల మాత్రలు వేయొద్దు. మనం ఒంటినొప్పులకి మింగేవి కుక్క పొట్టలో పుండ్లు పెడతాయి, మూత్రపిండాలు చెడగొడతాయి. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, చచ్చిపోయిద్ది. డైక్లోఫెనాక్ సంగతీ ఎత్తింది. గొడ్లకి ఆ సూది వేస్తే, ఆ గొడ్డు చచ్చాక దాని మాంసం తిన్న రాబందులు చచ్చాయి. అందుకే 2006లో పశువులకి వాడకూడదని ఆపేశారు. నిరుడు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆపారు. నా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డుని పడేస్తే రాబందులు దిగేవి. ఎప్పుడు కనపడకుండా పోయాయో ఎవరం పట్టించుకోలేదు.

కుక్కకి మందు పెట్టి ఇంటిని వదిలేస్తే లాభం లేదు. గోమారి కుక్క మీద నుంచి రాలి గోడ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడతది. కొట్టం గోడలకి సున్నం కొట్టించా, ఎనభై. పిచికారీ మందు నూట అరవై. బర్రెలకి కొట్టే మందే, కుక్కకి కొలత వేరు. కొలత కాగితం మీద రాయించుకుని దూలానికి గుచ్చా.

జూన్ 23, ఆదివారం

రక్తం ఆగింది. నిన్న గుడ్డు తింది, ఇవ్వాళ పక్కింటి కోడిని తరిమింది.

రాత్రి మా ఆవిడతో మాటామాటా. తప్పు ఆమెది కాదు, లెక్క ఆమెది. "బర్రెకి జబ్బు చేస్తే ఎంతైనా పెడతాం. ఎనబైవేల బర్రె. పూటకి నాలుగు లీటర్లిస్తది. రెండువేలు పెట్టి బతికించుకుంటే లాభమే. ఈ కుక్కని ఎవరన్నా పది రూపాయలకి కొంటారా?" అంది. కొనరు. మేదరమెట్ల జంక్షన్లో నా వెనకాలే బస్సెక్కిన కుక్కపిల్ల ఇది. టికెట్ కూడా లేదు.

ఆలోచిస్తే మన దగ్గర పశువైద్యం అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఆసుపత్రులు కట్టింది, బీమా పెట్టింది పాడికీ సేద్యానికీ. జంతువు ధర పైన గీత, వైద్యం ఖర్చు దాని కిందే ఉండాలి. ధర ఉన్న జీవానికి ఆ గీత ఎంత పైకైనా పోతది. మన ఒంగోలు జాతి పశువుల్ని వెనకటి కాలంలో ఓడలెక్కించి బ్రెజిల్ తీసుకెళ్లారు. అక్కడ వాటిని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. ఆ జాతి ఆవు వియాటినా-19కి నిరుడు అక్కడి వేలంలో 43 లక్షల డాలర్ల ధర కట్టారని పేపర్లో ఫొటోతో సహా వేశారు. దాని కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎంతమంది డాక్టర్లు దిగుతారో! చిల్లరకి ధర లేదు కాబట్టి గీత ఎక్కడ గీయాలో తెలియదు. పది రూపాయల దగ్గర గీయొచ్చు, పదివేల దగ్గరా గీయొచ్చు. కుక్క ధరని బట్టి కుదరనప్పుడు నా పెన్షన్‌ని బట్టి, దాని బాధని బట్టి గీయాలి. ఈ మాట మా ఆవిడతో అన్నా. "పెన్షన్‌ని బట్టి అయితే ఇప్పుడే గీసెయ్" అంది.

జూలై 6, శనివారం

ఆసుపత్రి దగ్గర షామియానా. జూనోసిస్ డే. 1885లో ఇదే రోజున లూయీ పాశ్చర్ ప్యారిస్‌లో తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్ అనే పిల్లవాడికి కుక్కకాటు టీకా మొదటిసారి వేయించాడంట. ఆ పేరు మీద ఏటా ఈ రోజున కుక్కలకి రేబిస్ టీకా ఉచితం. గొలుసు కుక్కలు, తాడు కుక్కలు, చొక్కా తొడిగించిన బొచ్చు కుక్క ఒకటి. ఊళ్లో ఇన్ని పెంపుడు కుక్కలున్నాయని నాకే తెలియదు.

చిల్లరని లైన్లో నిలబెట్టా. డాక్టరమ్మ చూసి పక్కకి పిలిచింది. "దీనికి ఇవాళ వేయను బాబాయ్ గారూ. ఇంకా కోర్సులో ఉంది. ఒంట్లో పూర్తిగా కోలుకున్నాకే టీకా సరిగ్గా పట్టిద్ది." ఉచితం గదమ్మా, ఇవాళ పోతే మళ్లీ కొనాలి గదా అన్నా. "కొనండి" అంది. నవ్వుతూనే అంది, చెయ్యి మాత్రం సీసా వైపు పోలేదు.

ఇంటికొచ్చేటప్పుడు కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉంది. తర్వాత అనిపించింది: వేసేసి సంతకం పెట్టేస్తే ఆమె లెక్కలో ఇంకో కుక్క పెరిగేది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అలాంటి దాని విషయంలో లెక్కకి వేయించుకున్న టీకా ఏం చేసుకోను?

జూలై 20, శనివారం

కోర్సు అయిపోయింది. టీకా కొన్నాం, నూట ఎనభై. షాపులో ఫ్రిజ్ పనిచేస్తోందా అని అడిగితే షాపాయన కోపగించాడు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచకపోతే నీళ్లే. మన ఊళ్లో కరెంటు సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఐసు డబ్బాలో పెట్టించుకుని నేరుగా ఆసుపత్రికి. నట్టల మాత్రలు అరవై.

ఎదకి కూడా వచ్చింది. గేటు దగ్గర వీధి వీధంతా కాపలా. రాత్రుళ్లు నిద్ర లేదు. పిల్లలు కాకుండా ఆపరేషన్ సంగతి అడిగా. ఎదలో ఉన్నప్పుడు రక్తం ఎక్కువ పోతది, పైగా ఇప్పుడే ప్లేట్‌లెట్లు పడి లేచిన కుక్క, రెండు మూడు నెలలాగి చేయిద్దాం అంది. చేయించకపోతే వయసు మళ్లాక గర్భసంచిలో చీము పడితే అప్పుడు అర్ధరాత్రి పరుగు, ఖర్చు నాలుగింతలు, బతుకుతుందన్న నమ్మకమూ ఉండదంట.

జూలై 28, ఆదివారం

ధరలు కనుక్కుంటున్నా. పెద్ద ఊరి క్లినిక్కు ఒకటి తొమ్మిదివేలంది, మందులు వేరే. ఇంకో చోట మూడున్నర వేలు, "అంతా కలిపి". అంతా అంటే ఏంటి? ముందు రక్తపరీక్ష ఉందా, మత్తు ఏది ఇస్తారు, కోసేది డాక్టరేనా, రాత్రి కుట్టు ఊడితే ఫోన్ ఎవరెత్తుతారు? మూడో ప్రశ్నకి ఫోన్ పెట్టేశాడు. తొమ్మిదివేలాయన మాత్రం అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. ఖరీదు ఎక్కువైనా నాకు ఆయన మీద కోపం రాలేదు.

డాక్టరమ్మని నువ్వే చెయ్యమ్మా అంటే నిజం చెప్పింది. చెయ్యగలదు, చేసింది కూడా. కానీ గ్యాస్ మత్తు లేదు, రక్తం ఎక్కువ పోతే ఎక్కించే ఏర్పాటు లేదు. ఈ కుక్క రక్తం సంగతి తెలుసు కాబట్టి గన్నవరం తీసుకెళ్లమంది. ఎన్‌టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. అక్కడ చదువుకునే పిల్లలుంటారు, వెనక ప్రొఫెసర్లుంటారు. తన చేతిలోకి వచ్చే పనిని ఇంకొకరి దగ్గరికి పొమ్మన్న డాక్టరుని ఎన్నాళ్లకి చూశానో. మనుషుల డాక్టర్లలో కూడా.

ఆగస్టు 11, ఆదివారం

ఇంగ్లండ్ నుంచి మేనల్లుడు ఫోన్. కుక్క సంగతి చెబితే వాడు మొదలుపెట్టాడు. వాళ్లింటి పిల్లికి పన్ను పీకించిన బిల్లు చెప్పాడు. రూపాయల్లోకి మార్చి చెప్పొద్దురా అన్నా. అక్కడ 2013లో పదింట ఒక్క పశువైద్యశాల పెద్ద కంపెనీలది అయితే, ఇప్పుడు పదింట ఆరు దాకా కంపెనీలవే అయ్యాయట. ఫీజుల మీద జనం గోల పెడితే, కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ ఈ మేలో పూర్తిస్థాయి విచారణ మొదలుపెట్టింది. ధరలు ముందు చెప్పరు, బయట మందులు చవగ్గా దొరుకుతాయని చెప్పరు, ఇదీ అక్కడి గోల. ఆ దేశంలోనే 1917లో మరియా డికిన్ అనే ఆవిడ లండన్ పేదపేటలో ఒక నేలమాళిగలో బీదల జంతువులకి ఉచిత వైద్యశాల తెరిచిందనీ, ఆవిడ పెట్టిన సంస్థ ఇంకా నడుస్తోందనీ కూడా వాడే చెప్పాడు.

కుక్కకి బీమా చెయ్యి మామయ్యా అన్నాడు. ఇక్కడా కంపెనీలు అమ్ముతున్నాయి. మావాడు హైదరాబాదు నుంచి కాగితాలు పంపితే చదివా. ముందే ఉన్న జబ్బుకి రాదు, టీకా వేయించకుండా వచ్చిన జబ్బుకి రాదు, మొదట్లో కొన్నాళ్లు దేనికీ రాదు. నగరంలో నెలనెలా డాక్టరు గడప తొక్కేవాళ్లకి పనికొస్తదేమో. బర్రె సంగతి వేరు. చెవికి బిళ్ల వేస్తారు, ప్రీమియంలో ఎక్కువ వాటా ప్రభుత్వమే కడుతుంది. మళ్లీ ధర ఉన్న జీవం!

పాత టికెట్ పెట్టె ఒకటి అటక మీదుంది. నెలకి మూడొందలు అందులో వేయాలనుకున్నా. బ్యాంకులో వేస్తే మా ఆవిడకి తెలిసిపోయిద్ది. పెట్టెలో వేస్తే తెలియదనుకున్నా. రెండో రోజే అందులో నాది కాని యాభై నోటు కనపడింది.

సెప్టెంబర్ 2, సోమవారం

రెండో రక్తపరీక్ష పోయిన వారమే చేయించాం, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. గన్నవరం పోదామనుకుంటే విజయవాడ మునిగింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా నీళ్లలోనే ఉంది. టీవీలో ఒక ముసలామె నడుంలోతు నీళ్లలో నెత్తిన బుట్ట, బుట్టలో కుక్కపిల్లలు. మా ఆవిడ అన్నం తినడం ఆపి చూసింది.

ఆపరేషన్ దసరా తర్వాతే.

అక్టోబర్ 22, మంగళవారం

తెల్లారగట్ల నాలుక్కి బయలుదేరాం. ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు, దారంతా నా జేబు వాసన చూస్తూనే ఉంది. కారు కిరాయి నాలుగువేల అయిదొందలు. ఎన్నేళ్లు బస్సులో తిరిగానో, నా కుక్కకి మాత్రం కారు. వైద్యం కంటే దారి ఖర్చు ఎక్కువవడం పల్లెటూరి వాళ్లకి కొత్త కాదు, మనుషులకీ అంతే.

తెల్లకోటు పిల్లలు ముగ్గురు చుట్టూ చేరారు. ఒక అమ్మాయి గుండె విని నంబరు చెప్పింది, ఇంకో అబ్బాయి మళ్లీ విని వేరే నంబరు చెప్పాడు. పెద్దాయన వచ్చి తనే విని, ఇద్దర్నీ మళ్లీ వినమన్నాడు. నాకు ఆ ఆలస్యం నచ్చింది. ఖర్చు ఎంతవుతుందని ముందే అడిగా. ఒక కాగితం మీద మందులు, కుట్టుదారం, సెలైన్ విడివిడిగా రాసిచ్చారు. అన్నీ కలిపి పద్దెనిమిది వందల యాభై. అందులో ఏది తగ్గించొచ్చు అని కూడా అడిగా, అడగడానికి సిగ్గేమిటి? ఆపరేషన్ తర్వాత ఇచ్చే సూదుల్లో ఒకటి మాత్రల్లోకి మార్చారు.

మధ్యాహ్నానికి తెచ్చి ఒళ్లో పెట్టారు. నాలుక బయటికి వేలాడుతోంది. డ్రైవరు భయపడి ఏసీ ఆపాడు.

అక్టోబర్ 24, గురువారం

కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టాలంట, ఊళ్లో దొరకలేదు. మా ఆవిడ నా పాత ఖాకీ చొక్కా కత్తిరించి నాలుగు కాళ్లకి చేతులు కుట్టింది. వీపు మీద బొత్తాలు. జేబు ఎందుకు ఉంచావంటే "చిల్లర వేసుకోడానికి" అంది.

మొత్తం కూడితే: జూన్ నుంచి ఇవాళ్టిదాకా ఏడువేల తొమ్మిదొందల ఎనభై. అందులో కారు, డ్రైవరు భోజనం తీసేస్తే మూడువేల రెండొందల ఎనభై. సింగరకొండలో ఆకుపూజ ఆమె లెక్కలోది, నాకు చెప్పలేదు.

నవంబర్ 1, శుక్రవారం

దీపావళి టపాకాయలకి రెండు రోజులుగా మంచం కిందే ఉంది. కుట్లు ఇక్కడే డాక్టరమ్మ తీసింది.

నవంబర్ 9, శనివారం

ఎదురింటి రైతు బర్రె ఈనింది, మాయ పడలేదు. పొద్దున్నే వచ్చి "అన్నాయ్, నువ్వు ఆస్పత్రుల మనిషివయ్యావు గదా, ఎవర్ని పిలవను?" అన్నాడు. చేత్తో లాగించబోతున్నాడట ఎవరితోనో. ఆపి పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయించా. 2022లో మొదలుపెట్టినప్పుడు నియోజకవర్గానికి ఒకటి ఇచ్చారు ఆ బండ్లు. డాక్టరు, సహాయకుడు దిగారు, పని కానిచ్చి వెళ్లారు. మందులకి ఏమీ తీసుకోలేదు.

టీ తాగుతూ చొక్కా తొడుక్కున్న చిల్లరని చూశాడు. కుట్లు తీసేసినా అది చొక్కా విప్పనివ్వడం లేదు. "దీనికి ఎంతయింది అన్నాయ్?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, "ఎంతయిద్ది, కుక్కే గదా, ఓ ఐదొందలు" అంది.

ఆయన తలూపాడు. ఐదొందలైతే వాళ్ల నల్లకుక్కకి కూడా టీకా వేయిస్తాడట. సోమవారం నాతో పాటు తీసుకురమ్మన్నా. గొలుసు లేదంట, మన పాతది వెతకాలి.